దిగువ కృష్ణా డెల్టాలో పక్షి సంరక్షణ: హద్దు రాళ్ళు, నీటి లెక్కలు

విజయవాడ దగ్గర ప్రకాశం బ్యారేజీ దాటాక కృష్ణానది పులిగడ్డ వద్ద రెండుగా చీలి దివిసీమను నడుమ పెట్టుకుంటుంది. ఒక పాయ తూర్పున హంసలదీవి వైపు పోతుంది. పెద్ద పాయ నాగాయలంక మీదుగా దక్షిణానికి దిగి, మళ్ళీ చీలికలై సముద్రంలో కలుస్తుంది. ఈ మొగల మధ్య మడ అడవులున్నాయి. వాటికి ఈశాన్యంగా బందరు తీరం పొడుగునా బురద మేటలు, పర్ర భూములు, ఉప్పు మళ్ళు. ఇంకా లోపలికి వెళ్తే గుడివాడ చుట్టూ వరి చేలు, చేపల చెరువులు, ఆ పైన కొల్లేరు. ఇంత నేలలో చట్టం రెండు ముక్కలను వన్యప్రాణుల కోసం పక్కన పెట్టింది. 1989లో ప్రకటించిన కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం విస్తీర్ణం 194.81 చదరపు కిలోమీటర్లు. 1999లో సముద్ర మట్టం నుంచి +5 అడుగుల కాంటూరు వరకు ప్రకటించిన కొల్లేరు అభయారణ్యం సుమారు 308 చదరపు కిలోమీటర్లు. కొల్లేరుకు 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలగా రామ్సర్ గుర్తింపు కూడా వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ గుర్తింపు ఉన్న చిత్తడి నేల అదొక్కటే. ఈ రెండు హద్దులూ లేకపోతే ఇప్పటికి మిగిలింది కూడా మిగిలేది కాదు, అందులో సందేహం లేదు. అయితే ఇక్కడి పక్షుల బతుకును నిర్ణయించేవి చాలావరకు ఆ హద్దుల బయటే ఉన్నాయి: ఎగువ నుంచి వచ్చే మంచినీళ్ళు, ఆ నీళ్ళతో రావలసిన ఒండ్రు, రెండు అభయారణ్యాల మధ్య నేలను దాని యజమానులు వాడుకునే తీరు. ఈ ప్రాంతంలో సంరక్షణను ఎన్ని ఎకరాలు కాపాడామన్న లెక్కతో కాక, ఏ నెలలో ఎక్కడ ఎంత లోతు నీళ్ళు నిలిచాయన్న లెక్కతో కొలవాలన్నది ఈ వ్యాసం వాదన.

ప్రమాదంలో ఉన్న పక్షులనగానే కొంగలూ గూడబాతులూ గుర్తుకొస్తాయి గాని, ఈ తీరంలో ఎక్కువ ముప్పులో ఉన్నవి పిడికెడు పిట్టలు. మనవాళ్ళు అన్నిటినీ కలిపి ఉల్లంకి పిట్టలనే జాతులలో చాలావాటికి విడివిడి తెలుగు పేర్లు వాడుకలో లేవు. సైబీరియా ఉత్తరపు అంచున గుడ్లు పెట్టే కర్లూ శాండ్‌పైపర్, గ్రే ప్లవర్ లాంటివి ముప్ఫై దేశాల మీదుగా సాగే మధ్య ఆసియా వలస మార్గంలో చలికాలానికి మన తీరం చేరతాయి. 2024లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య (ఐయూసీఎన్) ఎర్ర జాబితాలో ఈ రెండిటినీ, బ్రాడ్‌బిల్డ్ శాండ్‌పైపర్‌నూ ముప్పు ఎదుర్కొంటున్న జాతుల్లో చేర్చారు. గ్రేట్ నాట్ అంతకుముందే, 2015లోనే, అంతకన్నా తీవ్రమైన వర్గంలోకి వెళ్ళింది. సన్నముక్కు కర్లూ అయితే అంతరించిపోయిందని 2025లో ప్రకటించారు. ఈ పిట్టల తిండి పద్ధతి చూస్తే వాటికి కావలసిన చోటు ఎంత నిర్దిష్టమైనదో తెలుస్తుంది. పాటు తీసి నీరు వెనక్కి పోతుంటే కర్లూ శాండ్‌పైపర్ ఆ నీటి అంచు వెంటే నడుస్తూ, కిందికి వంగిన ముక్కును బురదలో గుచ్చి గుచ్చి తీస్తుంది; స్పర్శ తెలిసే ఆ ముక్కు కొస పురుగును కంటితో చూడకుండానే పట్టుకుంటుంది. గ్రే ప్లవర్ అలా చేయదు. నాలుగడుగులు పరిగెత్తి ఆగి, కదలిక కనిపించిన చోట టక్కున పొడుస్తుంది. గ్రేట్ నాట్ చిన్న చిన్న ఆల్చిప్పలను గుల్లతో సహా మింగుతుంది. వీటిలో ఏదీ మోకాటి లోతు నీటిలో మేయలేదు, ఎండి గట్టిపడిన నేలలోనూ మేయలేదు. పోటు వచ్చి మేటలు మునిగినప్పుడు ఇవన్నీ ఎక్కడో ఒక ఎత్తయిన బయలులో, మనుషులూ కుక్కలూ రాని చోట, గుంపుగా నిలబడి కాలక్షేపం చేయాలి. బందరు దగ్గరి పర్రలూ ఉప్పు మళ్ళూ వాటికి ఆ పని చేసిపెడతాయి. రెవెన్యూ రికార్డు దృష్టిలో పర్ర పనికిరాని భూమి. ఏ పరిశ్రమకు స్థలం కావాలన్నా అధికారుల వేలు ముందు దానివైపే చూపిస్తుంది.

ఆ బురద మేటలు తమంతట తాము ఉండిపోయేవి కావు. నది ఏటా ఒండ్రు తెచ్చి పోస్తుంటే, అలలు కొంత కోసుకుపోతుంటే, ఈ రెండిటి తూకం మీద డెల్టా నిలుస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 1960ల చివర ఏడాదికి 90 లక్షల టన్నులున్న కృష్ణ ఒండ్రు 2000-05 నాటికి 4 లక్షల టన్నులకు పడిపోయింది. ఆ ఒండ్రు ఎక్కడికి పోయిందో వెతకడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. శ్రీశైలం జలాశయం కట్టినప్పటి సామర్థ్యం 308 టీఎంసీలు, పూడిక వల్ల ఇప్పుడు మిగిలింది సుమారు 215. నాగార్జునసాగర్‌లోనూ, ఎగువ రాష్ట్రాల ఆనకట్టల వెనకా ఇదే కథ. అదే అధ్యయనం కృష్ణా గోదావరి జంట డెల్టాల 336 కిలోమీటర్ల తీరంలో 1965 నుంచి 2008 వరకు నికరంగా 76 చదరపు కిలోమీటర్ల నేల సముద్రంలో కలిసిందని తేల్చింది. కోత వేగం కాలక్రమంలో పెరిగిందని కూడా చెప్పింది. అంటే అటవీశాఖ హద్దు రాయి పాతిన చోటును కూడా సముద్రం కోసేయవచ్చు, దానిమీద ఎవరికీ కేసు పెట్టే వీలు లేదు. అభయారణ్యం విస్తీర్ణం కాగితం మీద 1989లో ఎంతో ఈరోజూ అంతే. నేల మీద అలా ఉండటం లేదు.

ఇక్కడ ఎదురయ్యే మొదటి అభ్యంతరం రాజకీయంగా అన్నిటికన్నా బలమైనది. వరద వచ్చి బ్యారేజీ గేట్లు ఎత్తిన ప్రతిసారీ ఇన్ని టీఎంసీలు వృథాగా సముద్రం పాలయ్యాయని పత్రికలు శీర్షికలు పెడతాయి, అన్ని పార్టీల నాయకులూ అదే మాట అంటారు. రాయలసీమలో చెరువులు ఎండుతుంటే, డెల్టా శివారు భూములకే కాలువ నీరు అందకపోతుంటే, పక్షుల కోసం నీళ్ళు వదలమనడం విడ్డూరంగా తోచవచ్చు. ఈ అభ్యంతరంలో న్యాయముంది. పంటకు నీళ్ళు లేని రైతు ముందు మడ చెట్టు దాహం గురించి మాట్లాడేవాడు జాగ్రత్తగా మాట్లాడాలి. అయినా లెక్క పూర్తిగా చూడాలి. సముద్రంలోకి పోయే మంచినీరు మూడు పనులు చేస్తోంది. మొగలలో ఉప్పు తీవ్రతను తగ్గించి రొయ్య, పీత, మొలుగు లాంటి చేపల పిల్లలు ఎదిగే చోటును నిలబెడుతుంది. తీరానికి ఒండ్రు చేరుస్తుంది. భూగర్భంలో ఉప్పునీరు లోపలికి ఎగదన్నకుండా ఒత్తిడి పెడుతుంది. ఈ మూడో పని ఆగితే నష్టపోయేది దివిసీమ వరి రైతే. బోరు నీళ్ళు ఉప్పు కట్టి మాగాణిని రొయ్యల చెరువుకు కౌలుకివ్వాల్సి వచ్చిన వాళ్ళు ఈ ప్రాంతంలో చాలామంది ఉన్నారు. పైగా నదికి కనీస ప్రవాహం ఉండాలన్న ఆలోచన పక్షి ప్రేమికుల ఊహ కాదు. 2010 డిసెంబరులో కృష్ణా జలాల పంపకాన్ని విచారించిన బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్ అప్పటి మూడు పరీవాహక రాష్ట్రాలకూ కలిపి 16 టీఎంసీలను కనీస ప్రవాహాల కోసం పక్కన పెట్టింది. వ్యాజ్యాల మూలంగా ఆ తీర్పు అమలుకు నోచుకోలేదు. కృష్ణ మొత్తం నీటితో పోలిస్తే 16 టీఎంసీలు చాలా చిన్న అంకె, అది డెల్టా మొగల దాకా చేరుతుందన్న పూచీ కూడా లేదు. కాని నదికి కూడా ఒక వాటా రాయవచ్చునని ఒక న్యాయస్థానం ఒప్పుకున్నది, ఇది చిన్న విషయమేమీ కాదు. అడగవలసింది అదనపు నీరు కన్నా సమయం. వరదలో ఒక వారం వచ్చే వంద టీఎంసీల కన్నా, జనవరి నుంచి మే వరకు గేట్ల కింద నుంచి సన్నగా సాగే నీరు మడకూ చేప పిల్లకూ ఎక్కువ మేలు చేస్తుంది. ఇప్పుడు వరద రోజులు తప్పిస్తే ఆ గేట్లు మూసే ఉంటాయి.

మడ అడవుల చరిత్ర ఈ వాదనకు మరో సాక్ష్యం. కృష్ణా మొగల్లో తెల్లమడ, నల్లమడ, తిల్ల, పొన్న జాతి చెట్లు పెరుగుతాయి. అటవీశాఖ ఒకప్పుడు కంపార్ట్‌మెంట్ల వారీగా కలప కోసం వీటిని నరికించేది. నరికిన చోట ఎండ నేరుగా తగిలి నేల ఆరి, కుంగి, గిన్నెలాగా పల్లమైంది. పోటుకు వచ్చిన ఉప్పునీరు అందులో నిలిచి, ఆవిరై, ఉప్పు పేరుకుని, ఆ తరవాత ఏ విత్తనమూ మొలవలేదు. చాలాకాలం దీనికి మేకలనూ పశువులనూ కట్టెలు కొట్టుకునే పేదలనూ తప్పుపట్టారు. 1990ల చివర ఎం.ఎస్.స్వామినాథన్ పరిశోధన సంస్థ అటవీశాఖతో కలిసి ఈ పల్లాల్లో చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వించింది. ఏటి నుంచి ఒక పెద్ద కాలువ, దానికి ఇరువైపులా ఏటవాలుగా చిన్న బోదెలు. పోటుకు నీరు లోపలికి పోయి, పాటుకు బయటికి వచ్చేస్తుంది, ఉప్పు కడుక్కుపోతుంది, బోదెల గట్ల మీద మడ మొక్కలు బతుకుతాయి. తవ్విందీ నాటిందీ ఊళ్ళవాళ్ళే, వారిలో మడలో పీతలూ చేపలూ పట్టుకుని బతికే యానాదులు ఉన్నారు. కంచె వేసి కాపలా పెట్టి బాగుచేయలేని నేలను నీటి నడక సరిచేసి బాగుచేశారు. మన తీరపు మడల్లో చలికాలం గడిపే నల్లతల లకుముకి పిట్ట 2022లో ముప్పు జాబితాలోకి చేరింది. బావురు పిల్లి కూడా ఈ అడవుల్లోనే ఉంది. ఇంకో మాట. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమలో పదివేల మందికి పైగా జనాన్ని పొట్టన పెట్టుకున్న తరవాత తీరం వెంట కరకట్టలు కట్టారు, సరుగుడు తోటలు పెంచారు. గాలిని ఆపడానికి సరుగుడు పనికొస్తుంది, కట్టెల రాబడి కూడా ఉంది. అయితే దాన్ని మడకు బదులుగా లెక్కేయడం పొరపాటు. వేళ్ళతో ఒండ్రును పట్టి ఉంచే పని సరుగుడు చేయదు. ఇసుక తిన్నెల మీద బయట గుడ్లు పెట్టే చిన్న పిట్టలకూ, ఒడ్డుకెక్కే తాబేళ్ళకూ అది చోటు మిగల్చదు. ‘పచ్చదనం పెరిగింది’ అనే లెక్కలో ఈ తేడా కనిపించదు.

కొల్లేరు విషయం ఇంకా చిక్కైనది, ఎందుకంటే అక్కడ చట్టం, జీవనాధారం, ఓట్లు ఒకే గట్టు మీద నిలబడ్డాయి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి ఏళ్ళు తెచ్చే నీరు పల్లంలో నిలిచి, ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతుంది. రెండు డెల్టాల మధ్య వరదను ఇముడ్చుకునే గుంట అది. ఆ గుంటలో గట్లు కట్టి చేపల చెరువులు తవ్వితే వరద ఎక్కడికి పోవాలి? 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచిన తరవాత ఆ నీరే దిగువకు వచ్చి గుడివాడ పక్కన నందివాడ మండలంలో ఊళ్ళను చుట్టుముట్టింది. పక్షుల సంగతి పక్కన పెట్టినా కొల్లేరు ఖాళీగా ఉండటం మనుషులకు అవసరం. పక్షుల విషయంలో ఈ ప్రాంతం పేరు పాతది. 1946లో పక్షి పరిశీలకుడు కె.కె.నీలకంఠన్ పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు గ్రామంలో గూడబాతులు గూళ్ళు కట్టే చోటును గుర్తించి లోకానికి తెలిపారు. దక్షిణాదిన అవి ఇంకా గూళ్ళు కడుతున్నాయా అని పక్షి శాస్త్రజ్ఞులు సందేహిస్తున్న రోజులవి. ఊరి చెట్ల మీద కట్టేవి, ఊరివాళ్ళు చెదరగొట్టేవారు కాదు. తరవాత చెట్లు పోయాయి, ఆ గూళ్ళూ పోయాయి. ఇప్పుడు కైకలూరు దగ్గర ఆటపాకలో నీటి మధ్య ఇనుప స్టాండ్లు నిలబెడితే, వాటి మీద గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ గూళ్ళు కడుతున్నాయి. గూడబాతు పరిస్థితి మెరుగుపడి 2007లో ఎర్ర జాబితాలో ఒక మెట్టు కిందికి దిగింది. దీన్ని విజయంగా చెప్పుకోవడం న్యాయమే.

ఈ విజయమే రెండో అభ్యంతరానికి ఊతమిస్తోంది. చేపల చెరువు కూడా నీళ్ళే కదా, వాటి వల్లే గూడబాతులు పెరిగాయి కదా, ఇక కొల్లేరును వెనక్కి తేవడమెందుకు అంటారు. జవాబు చెరువు లోతులో ఉంది. బొచ్చె, శీలావతి, ఫంగస్ పెంచే చెరువులో మనిషి లోతు నీరుంటుంది, గట్లు నిటారుగా ఉంటాయి, గట్టు అంచున కలుపు కూడా మిగలనివ్వరు. ఈదుతూ సంచి ముక్కుతో చేపను ఎత్తుకునే గూడబాతుకు, మునిగి పట్టే నీటికాకికి అది పనికొస్తుంది. నిలబడి మేసే పిట్టకు కాలు ఆనే చోటు లేదు. నీటి మొక్కల గింజలు తినే పరజలకు మేత లేదు. తుంగలో గూడు కట్టే జంబుకోడికి తుంగ లేదు. పట్టుబడికి నీరు తోడే నాలుగు రోజులు మాత్రం కొంగలు మూగుతాయి, అంతే. ఒక జాతి పెరిగిందని చిత్తడి నేల ఆరోగ్యంగా ఉందనుకోవడం అందువల్లనే తప్పు. నిస్సార నీటి పక్షుల సంఖ్యను గూడబాతుల సంఖ్యతో పాటు ఒకే పట్టికలో చూస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. తీరంలో రొయ్యల చెరువుల పరిస్థితి పక్షికి ఇంకా కఠినం. 1990ల మధ్యలో తెల్లమచ్చ వైరస్ రైతులను తుడిచిపెట్టింది. 2009లో వెనామీ రొయ్యకు అనుమతి ఇచ్చినప్పుడు పక్షులను తరిమే ఏర్పాట్లను నిబంధనల్లోనే పెట్టారు, ఎందుకంటే జబ్బు రొయ్యను నోట కరుచుకున్న పక్షి పక్క చెరువులో జారవిడిస్తే అదీ పోతుంది. చెరువు మీద ఈ గట్టు నుంచి ఆ గట్టుకు కట్టిన దారాలు, వలలు రైతు క్రూరత్వానికి గుర్తులు కావు. అతని పెట్టుబడిని కాపాడుకునే మార్గం అది. కాబట్టి తీరంలో పర్ర రొయ్యల చెరువుగా మారిన ప్రతి ఎకరమూ పక్షి లెక్కలో పూర్తిగా పోయినట్టే. 1996 డిసెంబరు 11న జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు తీర నియంత్రణ మండలంలో సంప్రదాయేతర రొయ్యల సాగును నిషేధించింది. 2005లో వచ్చిన తీర జలసాగు ప్రాధికార సంస్థ చట్టం ఆ రంగాన్ని రిజిస్ట్రేషన్ పద్ధతిలో మళ్ళీ గట్టెక్కించింది. చట్టం ఒకసారి ఇటూ ఒకసారి అటూ లాగుతుంటే కృత్తివెన్ను మండలం ఇంతేరు దగ్గరి మడ చిత్తడి లాంటివి, అభయారణ్యం బయట ఉన్న పాపానికి, ఎవరికీ పూర్తిగా చెందకుండా మిగిలాయి.

గుడివాడ చుట్టుపక్కల వరి చేను ఈ కథలో అంతగా ప్రస్తావనకు రాని పాత్ర. సార్వా నాట్ల సమయంలో జానెడు నీటిలో నత్తగుల్ల కొంగ నడుస్తూ గుల్లను పట్టి, ముక్కు కొసతో లోపలి కండను కోసి లాగేస్తుంది; పొలం గట్టు మీద ఖాళీ గుల్లలు పడి ఉంటాయి. తెల్ల కొంగలు దున్నే ట్రాక్టరు వెనక నడుస్తాయి. చలికాలంలో కోతకు ముందు చల్లిన మినుము మొలకెత్తే తడి నేల కూడా కొన్ని పిట్టలకు మేత. అభయారణ్యాల కన్నా ఈ చేలు ఎన్నో రెట్లు విశాలం. కొంగల జాతుల్లో చాలావాటి కడుపు నింపేది ఇవే. వరి చేను చెరువుగా మారడాన్ని పర్యావరణవేత్తలు కొల్లేరు కాంటూరు గీతకు లోపలే చూశారు, గీత బయట అది ఎవరికీ పట్టలేదు. రైతు ఎందుకు మార్చాడో అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. శివారు కాలువకు నీరు ఆలస్యంగా వస్తుంది, వరి ధర పెట్టుబడికి చాలదు, పక్కవాడు చెరువు తవ్వితే ఊటకు తన చేను చౌడు బారుతుంది. ఒకడు మారితే నలుగురు మారక తప్పని పరిస్థితి. పక్షుల పేరు చెప్పి ఆ రైతును వరిలోనే ఉండమనే హక్కు ఎవరికీ లేదు, ఆ నష్టం ఎవరైనా భరిస్తే తప్ప. అలా భరించిన చోట్లు ఉన్నాయి. కాలిఫోర్నియా సెంట్రల్ వ్యాలీలో నేచర్ కన్జర్వెన్సీ అనే సంస్థ 2014 నుంచి వలస పక్షులు వచ్చే వారాల్లో పొలంలో పలచగా నీరు నిలిపే వరి రైతులకు వేలం పద్ధతిలో డబ్బు చెల్లిస్తోంది. భూమి కొనలేదు, శాశ్వత ఆంక్ష పెట్టలేదు, అవసరమైన వారాలకు అవసరమైన లోతును అద్దెకు తీసుకుంది. మన దగ్గర కోత తరవాత మినుము ఉంటుంది గనుక చేలో నీరు నిలపడం కుదరదు. కాని పట్టుబడి అయిన చేపల చెరువును ఎండగట్టే ముందు మూడు నాలుగు వారాలు బెత్తెడు నీటితో ఉంచడం చలికాలంలో కుదిరే పనే. అంతకాలం చెరువు ఖాళీగా ఉన్నందుకు రైతుకు కౌలు లెక్కన చెల్లించాలి. ఇది దానధర్మం కాదు, సేవకు ఇచ్చే ధర.

మూడో అభ్యంతరం ఉద్యోగాలూ ఓడరేవూ గురించినది. బందరుకు రేవు కావాలన్నది తరాల కోరిక. 2023 మే 22న పనులు మొదలయ్యాయి. దివిసీమలో నాగాయలంక మండలం గుల్లలమోద దగ్గర క్షిపణి పరీక్ష కేంద్రానికి 2025 మే 2న ప్రధాని శంకుస్థాపన చేశారు. డచ్చివాళ్ళూ ఇంగ్లీషువాళ్ళూ వచ్చి వ్యాపారం చేసిన పట్నం, 1864 ఉప్పెనలో 30 వేల మంది పోయి కుదేలైన పట్నం, తిరిగి లేవాలనుకోవడాన్ని ఎవరు కాదంటారు? రేవును ఆపమనడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అయితే పర్యావరణ అనుమతి పత్రాల్లో ‘చుట్టూ ఖాళీ భూమి’ అని ఒక్క ముక్కలో తేల్చేసే పర్రలు ఎప్పుడు ఖాళీగా ఉంటాయో చూడాలి. జూన్‌లో సర్వే చేస్తే వలస పక్షులు దాదాపు ఉండవు, డిసెంబరు పోటు వేళ చేస్తే ఉంటాయి. దక్షిణ కొరియాలో సేమన్‌గమ్ వద్ద 33 కిలోమీటర్లకు పైగా పొడవైన సముద్రపు గోడ 2006లో పూర్తయినప్పుడు, అక్కడి బురద మేటల మీద ఆధారపడిన గ్రేట్ నాట్‌లు పక్కకు సర్దుకుపోతాయని కొందరన్నారు. సర్దుకుపోలేదు, వాటి సంఖ్య ప్రపంచవ్యాప్తంగా తగ్గింది. వలస పక్షికి మేత, విశ్రాంతి ఉన్న చోట్లు కొన్నే, అవి నిండిపోయి ఉంటాయి. బందరులో చేయదగింది ఇది: రేవు, దాని పారిశ్రామిక భూములు ఖరారు చేసేముందు పోటు వేళ పక్షులు నిలబడే బయళ్ళను గుర్తించి, వాటిని ప్రణాళికలోనే వదిలిపెట్టడం. పల్లెతుమ్మలపాలెం వైపు ఉప్పు మళ్ళు సాగులో ఉన్నంతకాలం ఆ పని అవే చేస్తాయి. ఉప్పు రైతుకు గిట్టుబాటు అయ్యేలా చూడటం ఇక్కడ పక్షి సంరక్షణలో భాగమే.

నాలుగో మాట బలప్రయోగం గురించి. 2005-06లో సుప్రీంకోర్టు ఆదేశాల వెనక ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో అభయారణ్యంలో చేపల చెరువుల గట్లను యంత్రాలతో, పేలుడు పదార్థాలతో కూల్చారు. కూల్చడం వేగంగా జరిగింది. లంక గ్రామాల్లో ఉండే వడ్డీ కులపు మత్స్యకారులకు ప్రత్యామ్నాయం మాత్రం అంత వేగంగా రాలేదు. జిరాయితీ భూముల వాళ్ళకు పరిహారం తేలలేదు. బయటి పెట్టుబడిదారులు మళ్ళీ వచ్చారు, గట్లు మళ్ళీ లేచాయి. 2008లో శాసనసభ అభయారణ్యాన్ని +5 నుంచి +3 కాంటూరుకు కుదించమని తీర్మానం చేసింది. కేంద్రం 2010లో వేసిన అజీజ్ కమిటీ ఆ కుదింపును సమర్థించలేదు. కుదింపు కోరేవారూ వద్దనేవారూ ఇరవై ఏళ్ళుగా ఆ గీత చుట్టూనే పోరాడుతున్నాయి, గీత లోపల నీరు ఏ నెలలో ఎంత మట్టాన ఉండాలో మాత్రం ఇంతవరకు ఎవరూ ఖాయం చేయలేదు. ఉప్పుటేరు మీద రెగ్యులేటర్లు కట్టాలన్న ప్రతిపాదన ఈ విషయంలో కీలకం. వేసవిలో సముద్రపు నీరు ఎగదన్నకుండా ఆపడానికి అవి కావాలి. కాని అదే గేటు వల్ల చేపల రాకపోకలు ఆగవచ్చు, వరద వేళ గేటు ఎత్తడం గంట ఆలస్యమైతే ఊళ్ళు మునగవచ్చు. నడిపే నియమావళి లేకుండా కట్టిన గేటు ఎవరు బలవంతులైతే వారి చెరువులకు పనిచేస్తుంది.

పాలన పరంగా చూస్తే ఈ నేల ఇప్పుడు మరింత ముక్కలైంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడదీసినప్పుడు కైకలూరు, దానితో పాటు ఆటపాక, ఏలూరు జిల్లాలోకి పోయాయి. గుడివాడ కృష్ణా జిల్లాలో మిగిలింది. అభయారణ్యంలో రేపల్లె వైపు భాగం బాపట్ల జిల్లాకు చేరింది. పక్షులను అటవీశాఖ చూస్తుంది, కాలువలను జలవనరుల శాఖ, చెరువులను మత్స్యశాఖ, పర్రను రెవెన్యూ. గేట్లు ఎప్పుడు ఎత్తారో రాసుకునే పుస్తకం ఒక శాఖ దగ్గర, పక్షుల లెక్క ఇంకో శాఖ దగ్గర ఉంటాయి. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసే బాధ్యత ఎవరిదీ కాదు. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది. బందరు, నాగాయలంక, గుడివాడ కళాశాలల విద్యార్థులు అందులో చేరితే ఖర్చు లేని పని. ఆ లెక్కతో పాటు ప్రకాశం బ్యారేజీ కింద ప్రతి నెలా వదిలిన నీరు, కొల్లేరు మట్టం, ఆ ఏడాది చెరువులుగా మారిన పర్ర, వరి ఎకరాలు ఒకే పట్టికలో మూడు జిల్లాల కలెక్టర్లూ ఏటా ప్రచురించాలి. దానికి కొత్త చట్టం అవసరం లేదు. అంకెలన్నీ ప్రభుత్వం దగ్గర ఇప్పటికే ఉన్నాయి.